వీడియో ఆటలు - కావ్యపాఠము



తరగతిలో ప్రాచీన కావ్యములు బోధించుటకు వీడియో ఆటలు పనికివచ్చునా యను విషయమును గూర్చి ప్రసంగింపుమని నన్ను కోరినప్పుడు, వేరొకరికి వ్రాసిన జాబు పొరపాటున నాకు చేరినదేమో యనుకొంటిని. నేను తిరుపతిలో ప్రాచ్యభాషాభ్యాసము చేసి, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల ఉన్నత పాఠశాలలలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడుగా నుండి విశ్రాంతి పొందినవాడను. ఉద్యోగపు కడపటి సంవత్సరములలో పిల్లల సంచులనుండి సెల్ ఫోనులు లాగి ప్రధానోపాధ్యాయుని బల్లపై పెట్టిన చేతులివి. నాకు తెలిసిన ఆటలు పులిజూదము, ఓమనగుంటలు, వైకుంఠపాళి. తెరమీది ఆటను నేను చేతబట్టి ఆడినది ఒక్కమారే; అందును మూడవ నిమిషములోనే ఎవరో నన్ను చంపివేసిరి. ఐనను ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. దానికి కారణము కుప్పములో ఒక వేసవి సెలవులలో నేను కన్నులార చూచిన సంగతి. అది చెప్పుటకు ముందు నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది.

నేను పద్యము చెప్పు తీరు అందరు పండితుల తీరే. పద్యము రాగయుక్తముగా చదువుట, పదవిభాగము చేయుట, ప్రతిపదార్థము చెప్పుట, తాత్పర్యము వ్రాయించుట, మరునాడు ఒప్పగింపుమనుట. ఒప్పగింపని వానిని నిలువబెట్టెడివాడను. నా గురువులు నాకిట్లే చెప్పిరి. నాకు రుచించినది గనుక లోకమంతటికి రుచించుననుకొంటిని. పిల్లలు మాత్రము చుక్క గుర్తు పెట్టిన పద్యములను మాత్రమే పట్టుపట్టి నేర్చి, పబ్లిక్ పరీక్షలో పూరించి, వెలుపలికి వచ్చిన మెట్లమీదనే మరచిపోవుచుండిరి. ఇది వారి దోషమనియే నేను చాలకాలము నమ్మితిని.

పుంగనూరులో ఉండగా తొమ్మిదవ తరగతిలో ఒక పిల్లవాడుండెను. నాలుగు పాదముల పద్యము నాలుగు వారములైనను వానికి రాలేదు. ఒకనాడు మధ్యాహ్నభోజనమైన పిమ్మట వేపచెట్టు క్రింద వాడు తోటివారికేదో వర్ణించుచుండగా వెనుక నిలిచి వింటిని. అదేదో ఫోనులో ఆడు ఆట. ఏ దీవిలో ఏ యిల్లున్నది, ఏ యింటిలో ఏ ఆయుధము దొరకును, దాని కెన్ని గుండ్లు, గుట్ట చాటున దాగినవాడు ఎక్కడనుండి కనబడును - తడుముకొనకుండ చెప్పుచున్నాడు. అందు వర్ణన ఉన్నది, క్రమము ఉన్నది, విన్నవారికి ఊపిరి బిగబట్టించు నేర్పు ఉన్నది. నేను వాని చెవి పట్టుకొని, "ఇంత జ్ఞాపకము పెట్టుకొని పద్యము రాదందువా?" అంటిని. వాడు బెదరక, "ఆ ఆటలో నేనుండాను సార్. పద్యములో నేను యాడుండాను?" అనెను. దానికి నేనిచ్చిన సమాధానము ఇంకొకమారు చెవి మెలిపెట్టుట. వాడిప్పుడెక్కడ నున్నాడో తెలియదు. వాని ప్రశ్న మాత్రము నన్ను వదలలేదు.

ఆలోచింపగా, ఒకనాటి మా ప్రాంతపు పిల్లలకు ఆ ప్రశ్న అడుగవలసిన అవసరమే కలుగలేదని తోచినది. చిత్తూరు సీమలో ధర్మరాజుల గుడులున్న ఊళ్లలో భారతోత్సవములు జరుగుట మీలో చాలమంది ఎరిగినదే. ఉత్సవము పెక్కుచోట్ల పదునెనిమిది దినములు. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అర్జునుడు పాశుపతమునకై తపస్సు చేయు దినమున, వేషము కట్టినవాడు తాటిమ్రానంత ఎత్తు స్తంభము నెక్కును. పైనుండి అతడు విసరు నిమ్మకాయలకై సంతానము కోరు స్త్రీలు కొంగులు పట్టి నిలుతురు. కడపటి దినమున మట్టితో మలచిన దుర్యోధనుడు మైదానములో వెల్లకిల పడియుండును, భీముడు వచ్చి తొడపై గదతో మోదును, ద్రౌపది జుట్టు ముడుచును, సాయంకాలము అగ్నిగుండము. చదువురాని రైతు కూడ ఆ పదునెనిమిది దినములు హస్తినాపురములోనే కాపురముండును. నేను చిన్ననాడు ఉత్సవమైన నెలదాక మామిడికొమ్మల గదలతో పోట్లాడి మోకాళ్లు పగులగొట్టుకొన్నవాడను. మా వీధిలో దుర్యోధనుడుగా ఉండుటకు ఎవడును ఒప్పుకొనెడివాడు కాడు, చీట్లు వేయవలసివచ్చెడిది. ఆ పిమ్మట ఎన్నో ఏండ్లకు తిక్కన పద్యము చేతికి వచ్చినప్పుడు, అందు నేనెక్కడ నున్నానో నన్నెవరును అడుగనక్కర లేకపోయినది. నేనంతకు మునుపే ఆ మడుగు గట్టున నిలిచియుంటిని.

ఆట యనిన చులకన మన పండితులకు ఎన్నడును లేదు. అష్టావధానము ఆట కాక మరేమి? నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కొక్క అక్షరము వేయుచుండగా, ఎదుట కూర్చున్న పృచ్ఛకుడు తరువాత రాబోవు అక్షరమును ఊహించి దానిని నిషేధించును. అవధాని వేరు దారి వెదకుకొనును. ఎత్తు, పైయెత్తు. వైకుంఠపాళి మాట సరేసరి. పుణ్యపాపములను నిచ్చెనలుగా, పాములుగా పటముపై పరచి, ముసలమ్మలు మనుమలకు నేర్పిన వేదాంతమది. పంతొమ్మిదవ శతాబ్దపు చివర అది సీమకు చేరి, అచటినుండి లోకమంతయు ప్రాకినది.

ఇంకను దగ్గరి యుదాహరణము మదనపల్లె చెంతనే ఉన్నది. మదనపల్లెలో 1895 లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన ఋషివ్యాలీ విద్యాలయమును ఎరుగని వారుండరు. దానికి చేరిన గ్రామీణ విద్యావనరుల సంస్థవారు 1980 దశకము చివరనుండి చుట్టుపట్ల పల్లెలలో ఒక పద్ధతి నడపినారు. ఒకే గదిలో అయిదు తరగతుల పిల్లలు, ఒక్కడే అయ్యవారు. అందరికి ఒకే పాఠము చెప్పుట ఎట్లు? పాఠమును చిన్న చిన్న అట్టలుగా విడదీసిరి. అట్టలపై బొమ్మల గుర్తులు పెట్టి, గోడమీద ఒక నిచ్చెన గీసిరి. ఏ పిల్లవాడు ఏ మెట్టుమీద నున్నాడో వానికే తెలియును. తన మెట్టు అట్ట తానే తీసికొని పని ముగించి పైమెట్టునకు పోవును. వెనుకబడినవాడు సిగ్గుపడ నక్కరలేదు, ముందున్నవాడు వేచియుండ నక్కరలేదు. అందు తెర లేదు, విద్యుచ్ఛక్తి లేదు. ఐనను నేడు పిల్లలు ఫోనులో మెట్టుమెట్టుగా గెలుచుకొనుచు పోవు ఆటల కట్టుబాటునకు అది దూరపు చుట్టము కాదు. నేను మదనపల్లెలో పనిచేయుచు దానిని చూచియు, అది చిన్న తరగతులకే గాని కావ్యమునకు కాదని ప్రక్కకు తప్పుకొంటిని.

వీడియో ఆట ఏమో ఎరుగని పెద్దలు వినుచుండవచ్చును గనుక ఒక మాట. సినిమాలో నాయకుడు గోడ దూకును, మనము చూతుము. వీడియో ఆటలో మన వ్రేలు కదలినగాని వాడు దూకడు. దూకుటయో మానుటయో మన యెన్నిక. తప్పుగా దూకినచో పడును. పడినవాడు మరల మొదటినుండి లేచును. ఎన్నిక, దాని ఫలము, మరల మొదలుపెట్టుట - ఈ మూడే దాని ప్రాణము. రంగులు, చప్పుళ్లు, తుపాకులు పైపూత మాత్రమే.

కావ్యములను ఇట్టి ఆటలుగా మలచిన వారున్నారా? ఉన్నారు. మన హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ అను సంస్థ బాలహనుమంతుని నాయకునిగా చేసి ఒక ఆట నిర్మింపగా, 2009 లో సోనీవారి ప్లేస్టేషన్ యంత్రమునకు అది వెలువడినది. ఆ యంత్రమునకు మన దేశములో తయారైన తొలి ఆటగా దానిని చెప్పుదురు. దేవుడైన హనుమంతుని ఆటగాడు వ్రేళ్లతో త్రిప్పుట అపచారమని విదేశములలో కొందరు ఆక్షేపించిరి. నా ఆక్షేపణ వేరు. హనుమంతుని గదయే చూచి నాలుకను మరచిన ఆటలు పిల్లలకు సుందరకాండ చెప్పజాలవు. అశోకవనములో చెట్టుకొమ్మపై కూర్చున్న హనుమంతుడు, ఏ భాషలో పలికినచో సీత బెదరకుండునని తర్కించుకొనును. ఆయన వేసిన ఎత్తులన్నింటిలో అది గొప్పది. ఇటలీ మహాకవి డాంటే నరకవర్ణనకు 2010 లో పట్టిన గతియు నిట్టిదే. కవియైన డాంటేను కొడవలి పట్టిన యోధుని చేసి, నరకములో కనబడిన వారినెల్ల నరుకుటకు పంపిరి. కావ్యములో అతడు భయముతో, జాలితో, గురువు చేయి విడువక నడచినవాడు.

మంచివియు లేకపోలేదు. అమెరికాలో థోరో అను తత్త్వవేత్త 1845 మొదలు రెండేండ్లు వాల్డెన్ కొలను గట్టున గుడిసె వేసికొని ఒంటరిగా బ్రతికి, ఆ యనుభవమును గ్రంథముగా వ్రాసెను. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ట్రేసీ ఫుల్లర్టన్ అను ఆచార్యురాలు తన బృందముతో దానిని ఆటగా మలచి 2017 లో వెలువరించినది. అందు శత్రువు లేడు. గుడిసె కట్టుకొనవలెను, చిక్కుడు నాటుకొనవలెను, చలికి కట్టెలు చేర్చుకొనవలెను. అంతటితో సరిపెట్టి చెట్టును పక్షిని చూడక పనిలోనే మునిగినచో, తెరమీది అడవి మెల్లగా వన్నె తరిగి వెలవెలబోవును. గ్రంథములోని మాటను ఆటలోని నియమముగా మార్చుట యనగా ఇది. ఉపాధ్యాయులు తరగతిలో వాడుకొనుటకు పాఠములను సయితము తోడుగా సిద్ధపరచిరి. అలాస్కా దేశపు మంచునేలలో ఇనుపియాట్ జాతివారు, తమ ముసలి కథకులను కూర్చుండబెట్టుకొని, ఒక బాలిక, ఒక నక్క నడుచు పాతకథను 2014 లో ఆటగా చేయించిరి. కథ వారి భాషలోనే వినబడును. పోలండు ప్రభుత్వమైతే, యుద్ధములో చిక్కిన పౌరుల కష్టములను చూపు ఒక ఆటను ఉన్నత పాఠశాల విద్యార్థుల అదనపు పఠనీయముల పట్టికలో చేర్చుచున్నట్లు 2020 లో ప్రకటించినది. ఇవి నేను ఆడినవి కావు. ఆడినవారు చూపగా చూచినవి, చదువగా తెలిసినవి.

ఇక కుప్పము సంగతి.

కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. ఒక్క వీధిలో తెలుగు, తమిళము, కన్నడము వినబడును. 1997 లో ద్రావిడ విశ్వవిద్యాలయము అచట వెలయుటకు తగిన ఊరే. నా పాతశిష్యుడొకడు బెంగుళూరులో కంప్యూటరు పని చేయుచు ఆదివారములు రైలులో ఇంటికి వచ్చును. వానికి నేను పుంగనూరు పిల్లవాని ప్రశ్న చెప్పగా, "చేసి చూద్దాం సార్" అనెను. ట్వైన్ అను ఉచిత సాధనమొకటి కలదట. దానిలో కథను పుటలుగా వ్రాసి, ప్రతి పుట అడుగున రెండు మూడు దారులు పెట్టవచ్చును. చదువరి ఏది నొక్కిన ఆ పుట తెరచుకొనును. బొమ్మలు లేకున్నను చెల్లును, తెలుగు లిపి చక్కగా కనబడును. నేను నన్నయభట్టు సభాపర్వములోని ద్యూతసభను ఎన్నుకొంటిని. జూదమును ఆటగా చేయుట సులభమని నా దురాశ.

ఒక మిత్రుని యింటి వసారాలో పదునొకండుగురు పిల్లలు, ఒక ల్యాప్‌టాప్. ఆడువాడు ధర్మరాజు. శకుని పాచికలు వేయును, ధర్మరాజు ఓడును. అడుగున రెండు దారులు: "మరల ఒడ్డుము", "లేచిపొమ్ము". నేనును నా శిష్యుడును రెండు వారములు కూర్చుండి పుటలన్నియు కట్టితిమి. మణులు, రథములు, ఏనుగులు, గుఱ్ఱములు, సేనలు, తమ్ములు, తాను, ద్రౌపది - వరుసగా.

పది నిమిషములలో ఆట ముగిసినది. పదునొకండుగురిలో పదుగురు మొదటి రెండు ఓటములకే "లేచిపొమ్ము" నొక్కిరి. ఒక్కడు మాత్రము ఏనుగులు ఎట్లుండునో చూతమని ఇంకొంత సాగి, వాడును లేచెను. తమ్ముని ఒడ్డినవాడు ఒక్కడును లేడు. తెరపై "ధర్మరాజు ఇంద్రప్రస్థమునకు మరలెను, కథ ముగిసినది" అని వచ్చినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. కౌరవులు లేరు, అరణ్యవాసము లేదు, యుద్ధము లేదు. కవిత్రయమునకు పని లేదు. నా శిష్యుడు తల గోకికొనుచు, "ఆట తప్పుగా కట్టినాము సార్, ఎవరూ ఓడటంలేదు" అనెను.

అప్పుడొక బాలిక లేచినది. ఇంటిలో తమిళము మాటలాడు పిల్ల. తాత కూత్తులో వేషము కట్టెడివాడట. "సార్, లేచిపోవాలని మాకే తెలిసింది గదా. ఆయనకెందుకు తెలియలే?" అన్నది.

ముప్పదియేండ్లలో నేను ఆ ఘట్టమును ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్క లేదు. ఒక్క బిడ్డయు ఈ ప్రశ్న అడిగియుండలేదు. ఎట్లడుగును? నా పాఠములో ధర్మరాజు ఓడుట ముందే నిర్ణయమైనది. తాత్పర్యములో ఓడెను, ప్రశ్నపత్రములో ఓడెను. లేచిపోవుటకు ఒక వాకిలి ఉండెనని వారికి తోచుటకే వీలు లేకపోయినది. ఆ వాకిలి కనబడిన పిమ్మట గాని, దానిని దాటని మనుష్యుడు వింతగా తోపడు.

ఆనాడు యంత్రము మూసి గ్రంథము తెరచితిమి. కారణము వెదకుటకు చదివిన చదువు వేరుగా ఉండును. పిల్లలు పద్యములో అర్థము కొరకు గాక ఆధారము కొరకు తడవిరి. విదురుడు పిలువవచ్చినప్పుడు ధర్మరాజు ఏమనెను? జూదము కీడని అతనికి తెలియునా తెలియదా? తెలియును. తెలిసియు ఏల పోయెను? తండ్రి వంటి ధృతరాష్ట్రుని ఆజ్ఞ. పిలిచినచో వెనుదీయరాదను నియమము. ఒక పిల్లవాడు, "పిలిస్తే పోవాలనేది ఆయన పెట్టుకున్న రూలు సార్, ఆ రూలు మన ఆటలో లేదు" అనెను. నేనంతవరకు వ్రాయించిన తాత్పర్యములలో ఇంత చక్కనిది లేదు.

ఆటను మరల కట్టవలసివచ్చినది. ఈమారు కట్టినవారు పిల్లలే. నేను ఒక్క కట్టుబాటు పెట్టితిని: గ్రంథములో పద్యము చూపనిదే తెరపై ఏదియు పెట్టరాదు. "లేచిపొమ్ము" అను దారి ఉన్నది. కాని దానిని నొక్కినచో "మాట" అను లెక్క తరుగును. ఎంత తరుగవలెనని రెండు దినములు వాదము. వాదమున నెగ్గుటకు పద్యము కావలెను. పద్యము చదువుటకు పదవిభాగము కావలెను. పదవిభాగమునకు నా యొద్దకు రావలెను. నేను నలుబదియేండ్ల క్రిందట నేర్చిన సంధిసమాసములకు ఇంత గిరాకి ఎన్నడును చూచియుండలేదు. ఒప్పగింపుమని ఎవరిని అడుగలేదు. కొన్ని పద్యములు వారికి దానంతట అవియే వచ్చినవి.

ద్రౌపది సభకు వచ్చు ఘట్టమున మగపిల్లలు ఆమె చేతికి కత్తి ఈయవలెననిరి. తమిళము మాటలాడు ఆ బాలిక ఒప్పలేదు. "ఆమె దగ్గర ప్రశ్న ఉండాది, కత్తి ఎందుకు?" అన్నది. తన్ను ముందు ఓడి పిదప నన్ను ఒడ్డెనా, లేక నన్ను ముందు ఒడ్డెనా అను ప్రశ్న. కావున ఇచట ఆడువారు ద్రౌపదియైరి. తెరపై సభలోని పెద్దల పేర్లు వరుసగా నుండును. ఏ పేరు నొక్కిన వారిని ప్రశ్న అడిగినట్లు. వికర్ణుని పేరు నొక్కినచో అతడు లేచి ధర్మము పలుకును. కర్ణుని పేరు నొక్కినచో అతడు వికర్ణుని కసరును. ద్రోణుని పేరు నొక్కినచో ఏమియు జరుగదు. క్రొత్తగా ఆడవచ్చిన ఒక చిన్నవాడు ద్రోణుని పేరు పదిమార్లు నొక్కి, "ఇది చెడిపోయింది, పని చెయ్యటంలేదు" అనెను. ఆ బాలిక, "చెడిపోలేదురా. ద్రోణుడు అంతే" అన్నది.

ఇంకొక సంగతియు వారే కనిపెట్టిరి. ఆటలో ఓడినవాడు మరల మొదలుపెట్టవచ్చునని చెప్పితిని గదా. కావ్యములో అట్టి వెసులుబాటు ఉండదని, అదియే రెంటికి భేదమని నేను వారికి గంభీరముగా ఉపదేశించుచుండగా ఒకడు, "ఉంది సార్. ధృతరాష్ట్రుడు అంతా వెనక్కిచ్చేసినాడు గదా. ఆయన మళ్లీ పోయి ఆడి మళ్లీ ఓడినాడు" అనెను. అనుద్యూతము! పండ్రెండేండ్ల అరణ్యవాసము, ఒక ఏడు అజ్ఞాతవాసము వచ్చినది ఆ రెండవ ఆటవలననే. నేను నోరు మూసికొంటిని.

ఇంత చెప్పి, బడులన్నింటిలో రేపటినుండి పిల్లల చేతికి ఫోనులీయుడని చెప్పుటకు నేను రాలేదు. నా బల్లపై పెట్టిన ఫోనులను గూర్చి నాకిప్పటికిని పశ్చాత్తాపము లేదు. అంగడిలో దొరకు ఆటలలో పెక్కు, పిల్లవాడు లేవకుండుటకే కట్టినవి. శకుని పాచికలు వానిలో చేరినవి. లేచిపోవు వాకిలి వానికే కనబడదు. పైగా కాలము. ఒక్క ఘట్టమునకు మాకు సెలవులన్నియు పట్టినవి. నలుబదియైదు నిమిషముల పీరియడులో, పరీక్షకు పరుగెత్తు పదవ తరగతిలో, ఏడాదికి ఒక్క ఘట్టమునకు మించి ఇట్లు చేయవీలుపడదు. ఒక్కటి చాలునని నా అభిప్రాయము. మిగిలినవి ఎప్పటివలె చెప్పుకొనవచ్చును.

మరియు పద్యమునకు చెవి కావలెను. చంపకమాల నడక, సీసము చివర ఎత్తుగీతి దిగు తీరు, ఏ తెరయు చెప్పజాలదు. అది నోటినుండి చెవికి పోవలసినదే. పిల్లలు పద్యము వెదకి తెచ్చినప్పుడెల్ల నేను దానిని గొంతెత్తి చదివితిని. తరువాత వారిచేత చదివించితిని. తెలుగు ఇంటిపలుకు కాని పిల్లలకు ఇది మరింత ముఖ్యము. కన్నడమింటి పిల్లవాడొకడు శకటరేఫను మాలో అందరికంటె స్పష్టముగా పలికినాడు. ఎట్లో నాకు తెలియదు.

యంత్రము లేకున్న ఏమి చేయుదురని మదనపల్లెలో ఒక ఉపాధ్యాయురాలు నన్నడిగినది. ఆమె తరగతిలో నలుబదిమంది, కంప్యూటరు ఒక్కటి. అదియు ప్రధానోపాధ్యాయుని గదిలో. పుటలను కాగితపు ముక్కలపై వ్రాసి గోడలకు అంటింపుమంటిని. ఒక్కొక్క ముక్క అడుగున "కిటికీ ప్రక్కకు పొమ్ము", "నల్లబల్ల క్రిందికి పొమ్ము" అని దారి. ఆమె అట్లే చేసినది. పిల్లలు గదియంతయు తిరుగుచు జూదమాడిరట. ప్రక్క తరగతి అయ్యవారు అల్లరి యేమని వచ్చి, తానును ఏనుగులదాక ఆడి పోయెనట.

కుప్పము పిల్లలు ఇప్పుడు గజేంద్రమోక్షము పట్టుకొన్నారు. చిక్కు మొదటనే వచ్చినది: ఆడువాడు ఎవడు కావలెను? గజేంద్రుడైనచో, కాలు చిక్కిన పిమ్మట చేయునది పెనగులాటయే, ఎన్నిక యేది? చేతులెత్తి శరణనుటయే ఎన్నిక యని ఒకరు, అది మీట నొక్కినంత సులభముగా రాకూడదని ఇంకొకరు. విష్ణువు కావలెననిన వానిని అందరు కలిసి కూర్చుండబెట్టిరి. ద్రోణుని గూర్చి పలికిన ఆ బాలిక తాను మొసలి పక్షము ఆడుదునన్నది. "అది ఏనుగును ఊరికే పట్టుకొనిందా సార్? అంతకుముందు అదెవరు?" అని అడిగినది. అది హూహూ అను గంధర్వుడు. దేవలుని శాపమున మొసలియైనాడు. ఆ మాట నేను చెప్పలేదు. పోతన భాగవతము అష్టమస్కంధము సంచిలో పెట్టుకొని వచ్చు ఆదివారము రైలుకు పోవుచున్నాను.